గీత దగ్గర బూట్లు

సెప్టెంబర్ 12, శుక్రవారం

నిన్న సాయంత్రం దివాకర్ బార్‌కి లాక్కెళ్లాడు. పదిహేనేళ్ల స్నేహం మాది, పదిహేనేళ్ల పోట్లాట కూడా. వాడికి హెర్న్‌డన్‌లో కన్సల్టింగ్ కంపెనీ ఉంది. యూనియన్ అన్న మాట వింటే ఒళ్లంతా దురద.

వాడు డార్ట్స్, అదే గుండ్రటి బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే ఆట, ఆడుతుంటే ఒక డార్టు తీసుకుని తిప్పి చూశాను. రెక్కల మీద అమెరికా జెండా. తయారీ ఇంకెక్కడో. ఊరుకోగలనా? ఫ్యాక్టరీలు మూసేసి, మనుషుల్ని రోడ్డున పడేసి, మళ్లీ వాళ్లకే జెండాలు అమ్ముతారా అని మొదలుపెట్టాను. ముందు బోర్డుకి తగిలించన్నా, లేబుల్ తర్వాత చదువుదువుగానీ అన్నాడు. విసిరాను. గోడకి తగిలింది. పక్క టేబుల్ వాళ్లు చప్పట్లు కొట్టారు.

దాంతో పందెం. రెండు నెలల్లో అదే బార్‌లో వాణ్ని ఓడిస్తాను. చేతిలో డార్టులూ, ఒంటి మీద ప్రతి వస్తువూ ఈ దేశపు కార్మికులు చేసినవే అయి ఉండాలి. గెలిస్తే, సమ్మెలో ఉన్న గోడౌన్ కార్మికుల పికెట్‌లో, గేటు ముందు ప్లకార్డు పట్టుకుని వాడు ఒక పూట నా పక్కన నిలబడాలి. ఓడితే ఏడాది పాటు ఏ పార్టీలోనూ, ఏ భోజనాల దగ్గరా నేను రాజకీయం మాట్లాడకూడదు.

ఏడాది! త్రివేణికి చెప్తే, దివాకర్ గారిని బాగా ప్రాక్టీస్ చేయమనండి అంది. కట్టుకున్న భార్య.

సెప్టెంబర్ 14

క్లోజెట్ అంతా మంచం మీద గుమ్మరించాను. ఒక్క చొక్కా అయినా ఇక్కడిదా? లేదు. ఒకదాని మీద ‘అసెంబుల్డ్ ఇన్ యూఎస్ఏ విత్ గ్లోబల్ మెటీరియల్స్’ అని ఉంది. అది లేబులా, లాయర్ నోటీసా?

దివాకర్ ఫోన్. ఏంటన్నా, జెండా బ్యాచ్‌లో చేరావట అని. కాదురా మొద్దూ! జెండాతో నాకేం పని? ఢాకాలో కుట్టే అమ్మాయికీ యూనియన్ ఉండాలి, ఇక్కడ మెయిన్ రాష్ట్రంలో కుట్టే ఆవిడకీ ఉండాలి. ఆవిడ పని పీకేసి, ఈ అమ్మాయికి చిల్లర విసిరి, మధ్యలో మిగిలింది మింగేవాడితోనే నా పేచీ. మిగతాది ఏడాది తర్వాత చెప్పన్నా అని ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబర్ 21

గురువు దొరికింది. ఎవరో కాదు, దివాకర్ భార్య గిరిజ! బుధవారం లీగ్‌లో ఆడుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. మొగుణ్ని ఓడించడానికి ట్రైనింగ్ ఇస్తావా అమ్మా అంటే, ఆయన ప్లకార్డు పట్టుకున్న ఫోటో తీసి మా అత్తగారికి పంపాలన్నయ్యా, దానికోసం ఎంతైనా కష్టపడతాను అంది.

తన పాత బోర్డు తెచ్చి మా బేస్‌మెంట్‌లో వేలాడదీసింది. కిత్తనార బోర్డు, ఇక్కడ తయారయ్యేది నాకు దొరకలేదు. బోర్డు ఒంటి మీద వేసుకునేది కాదు కాబట్టి షరతుకి భంగం లేదని నా వాదన.

గరాజ్ తలుపు దగ్గరే చెప్పులు విప్పి, కార్పెట్ మీద, డార్టు విసరడానికి పెట్టుకున్న గీత దగ్గర వట్టికాళ్లతో నిలబడ్డాం. బూట్లతో ఇంట్లో అడుగు పెడితే త్రివేణి ప్రెసిడెంట్‌నైనా గెంటేస్తుంది. గిరిజ పది నిమిషాలు చూసి, విసరకండన్నయ్యా, వదలండి, మీరు డార్టుతో కూడా వాదిస్తున్నారు అంది.

సెప్టెంబర్ 30

కొట్టాను! సరిగ్గా నడిమధ్య! ఎర్ర చుక్క! ఎరుపు మనదే కదా!

అక్టోబర్ 11

ఓహాయోలో ఒక చిన్న షాపు. తండ్రీ కూతుళ్లు లేత్ మీద డార్టులు చేస్తారట. ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. ఇనుము ఎక్కడిదని అడిగాను, చెప్పింది. రెక్కలెక్కడివని అడిగాను, అవీ చెప్పింది. చివరికి, మీరు ఇన్‌స్పెక్టరా సార్ అంది. కాదమ్మా, కమ్యూనిస్టుని అన్నాను. నవ్వింది.

సాక్సులు నార్త్ కరోలినావి. చొక్కా, జీన్స్ దొరికాయి, రెండింటికీ యూనియన్ లేబుల్! టెనెసీ ఇనప పెనం కూడా కొన్నాను. పందేనికి అక్కర్లేదు, తెలుసు. దాని మీద మొదటి దోశ అంటుకోకుండా లేచింది. గెలిచినట్టే అనిపించింది.

అక్టోబర్ 26

చివరికి బూట్లు! యూనియన్ ఫ్యాక్టరీలో కుట్టినవి. ఒకటిన్నర అంగుళాల మందం మడమ. వేసుకుని గరాజ్‌లో అటూ ఇటూ నడిచాను, మిలిటరీ వాడిలా. లోపలికి రాబోతే త్రివేణి అక్కడే ఆపేసింది. షెల్ఫ్ మీద పెట్టి లోపలికొచ్చాను. మ్యాచ్ రోజు తొడుక్కుంటాను, పెళ్లికొడుకులా.

నవంబర్ 9

ఆట ఇదీ. మూడువందల ఒకటి నుంచి తగ్గించుకుంటూ సున్నాకి రావాలి. ఆఖరి డార్టు మాత్రం అంచున ఉన్న సన్నటి రింగులో పడాలి, అంకె రెట్టింపయ్యే ఆ రింగే డబుల్. ఇవాళ గిరిజ అడిగినప్పుడల్లా డబుల్ కొట్టాను. ఇక దివాకర్‌ని ఆ దేవుడే కాపాడాలి, వాడికైతే ఉన్నాడు కదా.

నవంబర్ 14, ఉదయం

రాయకపోతే గుండె పగిలేలా ఉంది.

నిన్న బార్‌లో మూడు ఆటలు, రెండు గెలిచినవాడిదే పందెం. మొదటిది ఘోరంగా ఓడాను. ప్రతి డార్టూ గురి పెట్టినచోటికి వేలెడు పైన! బోర్డు మీద ఎగిరే చిలకల గుంపులా. టెన్షన్, ఊపిరి పీల్చండన్నయ్యా అని గిరిజ. ఆగస్టు పదిహేను ప్రసంగానికి కూడా సెలవేనన్నా అని దివాకర్. ఏడాది మౌనం కళ్లముందు కనిపించింది. త్రివేణి ముఖంలో పండగ కనిపించింది.

రెండో ఆట. మళ్లీ పైనే. తల దించుకున్నాను. బూట్లు కనిపించాయి.

బేస్‌మెంట్‌లో ఏనాడైనా బూట్లతో నిలబడ్డానా? వట్టికాళ్లతో నేర్చుకున్న చెయ్యి ఒకటిన్నర అంగుళాలు ఎక్కువ ఎత్తు నుంచి వదులుతోంది!

గీత దగ్గరే కూర్చుని లేసులు విప్పాను. ఎంత వెతికి తెచ్చుకున్న బూట్లు! సాక్సులు కూడా లాగేశాను. ఏంటన్నా, ఇదేమైనా గుడా అని దివాకర్. తర్వాత వాడికి వెలిగింది. షరతు ప్రకారం అన్నీ ఇక్కడివే కావాలి, ఆ పాదాలు మేడిన్ తెనాలి, డిస్‌క్వాలిఫై అని అరిచాడు. బార్ అంతా తిరిగి చూసింది.

నేనూ అరిచాను. ఒరేయ్, ఈ దేశంలో నీ కంపెనీ నడిచేదే ఇంపోర్టెడ్ కాళ్ల మీద! నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ల హెచ్-వన్‌బీ వీసా కాగితాలు నీ సొరుగులో ఉన్నంతవరకూ నోరెత్తని కాళ్ల మీద! ఇవి నోరెత్తుతాయి, అంతే తేడా!

దివాకర్ గీత దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. సరే, వెయ్యన్నా అన్నాడు.

నేల జిగురుగా, చల్లగా ఉంది. రెండో ఆట నాది. మూడోదానిలో వాడు తన డబుల్ తప్పాడు. నాకు ముప్పై రెండు మిగిలాయి, డబుల్ పదహారు కావాలి. వాదించలేదు. వదిలాను.

టక్.

గిరిజ కేక, బార్ ఉన్న ఎల్డెన్ స్ట్రీట్ చివరిదాకా వినబడి ఉంటుంది. త్రివేణి కూడా చప్పట్లు కొట్టింది. కొట్టిందని రాసి పెట్టుకుంటున్నాను.

నవంబర్ 22, శనివారం

గోడౌన్ గేటు. మంచు. దివాకర్ పల్చటి కాన్వాస్ షూస్‌తో వచ్చాడు, వణుకుతూ. ఇప్పుడు వాడి కాళ్లకి నా బూట్లు. నా కాళ్లకి వాడివి.

లేబుల్ చూడలేదు.