మంచం కనిపించకూడదు

జూన్ 9, ఆదివారం

చిరంజీవి చెల్లాయికి,

అక్క దీవెనలు. నువ్వూ, మరిదీ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మేమూ క్షేమమేనని రాద్దామని కలం పట్టాను గానీ ఆ మాట రాయలేకపోతున్నాను. ఫోనులో చెబుదామంటే గోడలకు చెవులుంటాయని భయం.

మా వీధిని కూల్చి పెద్ద మార్కెట్ భవనం కడతామని మున్సిపాలిటీ వాళ్లు అన్న సంగతి నీకు తెలుసు. ఇంట్లోనే ఏదో పని చేసుకుని బతికేవాళ్ల జోలికి మాత్రం రారని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారని ఇప్పుడు అడిగితే ఒకరి మీద ఒకరం చెప్పుకుంటున్నాం. నేను ముందుగదిలో ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం ఎప్పటినుంచో ఉన్నదే. నన్ను చూసి వీధి వీధంతా తెల్లారేసరికి వ్యాపారులైపోయారు. పక్కింటి లెక్కల మాస్టారు గొడుగుల రిపేరు అని బోర్డు పెట్టాడు. ఏ ఎండకూ గొడుగు పట్టని మనిషి ఆయన. ఎదురింటావిడ పూలకుండీలు మెట్ల మీదికి తెచ్చి నర్సరీ అంది. అందరి బోర్డులకూ రంగులు వేసింది మీ బావే, కుర్చీలోంచి కదలకుండా. కాలు ఆపరేషన్ అయ్యాక ఆయన్ని అంత హుషారుగా చూడటం అదే మొదలు.

సర్వేవాళ్లు వచ్చారు, బోర్డులు చూసుకున్నారు, సంతోషంగా వెళ్లారు. గండం గడిచిందనుకున్నాం. తర్వాత నోటీసు అంటించారు. ఇళ్లకంటే దుకాణాలే ఎక్కువున్నాయి గనక ఇది ఇకమీదట వ్యాపార వీధి అట. కూల్చరట గానీ దుకాణాల్లో కాపురం ఉండకూడదట. మంచమో పొయ్యో కంటబడితే తలుపుకు సీలు వేస్తారట. కొరివితో తల గోక్కున్నాం. కాదు బాబూ, ఇవి ఇళ్లే అని అర్జీ పెట్టుకుందామంటే, ఆ మాట ఒప్పుకున్న రోజే సీలు.

అప్పటినుంచీ మా ఇంట్లో మేమే దొంగల్లా ఉంటున్నాం. పొద్దున్నే మడత మంచాన్ని కర్టెన్ గుడ్డల కింద దాస్తాను. కిటికీలు బిగించి వండుతాను. వాసన వీధిలోకి పోతుందని ఉల్లిపాయలు వేయించడం మానేశాను. బెల్లు మోగితే ముందు పొయ్యి ఆర్పి దాచి, ఆ తర్వాతే తలుపు తీస్తున్నాను. మాస్టారిని ఒక పళ్ల బ్రష్షు పట్టించింది, తలుపుకు సీలు పడింది. గొడుగుల బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది, మాస్టారు ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు.

మొన్న ఇన్‌స్పెక్టరు మా గుమ్మం ఎక్కాడు. మీ బావ లేచి లోపలికి పోలేడు కదా. ప్యాంటు కోసం వచ్చి కూర్చున్న బేరమని చెప్పేశాను. కట్టుకున్నవాణ్ణి పట్టుకుని ఎవరో పరాయివాడన్నట్టు మాట్లాడాను చెల్లీ. ఆయన కూడా నన్ను అమ్మా అని పిలిచి, ఇంకా ఎంతసేపు పడుతుందని విసుక్కున్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వి వెళ్లిపోయాడు. నేను మిషను మీద తల వాల్చి ఏడ్చాను. మీ బావేమో కుట్టుకూలి ఎంతమ్మా అని ఇప్పటికీ వేళాకోళమాడుతున్నాడు.

అందుకే నీ సాయం అడుగుతున్నాను. గురువారం మరిదిని వ్యాను తీసుకుని రమ్మను. మంచం, వంట సామాను కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకో. నేను కత్తిరింపు బల్ల మీద పడుకుంటాలే, నా గురించి బెంగ పెట్టుకోకు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ అక్క

తా.క. మీ బావ పక్కన కూర్చుని ప్రతి ముక్కా చదువుతున్నాడు గనక పైన మంచం అని రాశాను. ఇప్పుడు ఆయనకు కునుకు పట్టింది. నిన్న ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. మీ బావని చూసి, ఈయన ప్యాంటు ఇంకా అవ్వలేదా అన్నాడు. ఈసారి నవ్వలేదు. నేను పంపేది మీ బావని. మంచం మా ఇంట్లో ఎక్కడ వెయ్యాలో చూపిద్దురు గాని మీరూ రండని మరిది ఆయన్ని వ్యానులో కూర్చోబెట్టాలి. బండి కదిలేదాకా అసలు సంగతి చెప్పొద్దను. నా నోటితో నేను చెప్పలేను. పడుకున్నప్పుడు ఎడమ మోకాలి కింద దిండు పెట్టాలి, లేకపోతే కాలు లాగుతుంది. ఎన్నాళ్లకు వెనక్కి పంపుతారని మిమ్మల్ని అడుగుతాడు. ఏం చెప్పాలో నాకు తెలియదు చెల్లీ, నువ్వే ఏదో ఒకటి చెప్పు.