అడక్కుండా పోసిన కాఫీ

తెనాలి స్టేషన్ రోడ్డులో శ్యామలా కాఫీ హోటల్ యజమానురాలిని, కీర్తిశేషులు రామశేషయ్య గారి భార్యను, డెబ్బయ్యొక్క ఏళ్ల శ్యామలాంబను నేను, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా స్వబుద్ధితో రాయిస్తున్న వీలునామా. స్థిరబుద్ధితో అని కూడా చేర్చమన్నాడు దస్తావేజు లేఖరి మధుబాబు. వద్దన్నాను. బుద్ధి ఉంది, స్థిరంగా మాత్రం లేదు. ఇది మూడో వీలునామా. మొదటి రెండూ ఇందుమూలంగా రద్దు.

1. బాపట్లలో ఉన్న ఇల్లు నా కూతురు శ్రీలక్ష్మికి సర్వహక్కులతో చెందాలి. ఇందులో నాకు సందేహం లేదు.

2. సందేహమల్లా హోటల్ గురించే. మొదటి వీలునామాలో దాన్ని పాతికేళ్లుగా నా దగ్గర డికాషన్ దించుతున్న బర్నబాస్‌కి రాశాను. రేపల్లె రైలు దిగిన మనిషి గుమ్మంలో కనబడగానే, స్ట్రాంగా, పాలెక్కువా అన్నది వాడికి తెలుసు. మా హోటల్లో ఏం కావాలని అడగం. అడిగితే మనిషిని మరిచిపోయినట్టు. అది మా పరువు.

తరవాత దేశదేశాల్లో కొట్లున్న ఓ కంపెనీ మా ఎదురుగా కాఫీ షాపు పెట్టింది. కప్పు మీద తాగేవాళ్ల పేరు రాసిస్తారు, పది తాగితే పదకొండోది ఊరికే ఇచ్చే కార్డు. కుర్రకారు పోయారు, పోనీలే అనుకున్నాను. కానీ కొలకలూరు నుంచి వచ్చి పదహారేళ్లుగా రోజూ మాకు బోణీ చేసిన శాలేమురాజు మాస్టారు కూడా నా కళ్లముందే అందులోకి వెళ్లారు. ఆ మంటలో, హోటల్ మూసి స్థలం అమ్మేయమని రెండో వీలునామా రాయించాను. మధ్యలో బర్నబాస్ ఏం పాపం చేశాడని ఆ వేళ తట్టలేదు.

3. పోయిన నెల మాస్టారి భార్య శోభారాణి గారు మార్కెట్లో కనబడ్డారు. “ఆరేళ్ల నుంచీ ఆయనకి షుగరండి. మీరేమో ఆప్యాయంగా రెండు చెంచాలేసి ముందు పెడతారు. వద్దనటానికి మొహమాటం. ఎదురు షాపులో పంచదార వెయ్యాలా అని అడుగుతారు కదండి, అందుకని వెళ్తున్నారు. కాలి వేలు కూడా తీసేశారండి. మీకు చెప్పొద్దన్నారు” అన్నారు.

అప్పటినుంచీ నాకు అయోమయంగా ఉంది. షుగరొచ్చాక కూడా అన్నేళ్లు ఆయన మా కాఫీ తాగింది అభిమానంతోనా, నాకు జడిసా? ఎదురు షాపులో కాఫీ ఇచ్చే పిల్లకి ఆయన పేరు రోజూ అడిగితే గానీ తెలియదు. ఆ పిల్ల మేలు చేసింది. అన్నీ తెలిసిన నేను కీడు చేశాను. ఇదేం న్యాయం?

4. కాబట్టి హోటల్ బర్నబాస్‌కే చెందాలి. షరతు: ప్రతి మనిషినీ పంచదార వెయ్యాలా అని అడగాలి. రోజూ వచ్చేవాళ్లనైతే తప్పకుండా అడగాలి. “కొత్తోళ్లని అడిగినట్టు ఎట్టా అడిగేదమ్మగారూ?” అని వాడు ఏడుపు మొహం పెట్టాడు. నిజమే, నాకూ తెలియదు. అయినా షరతు ఉండనీ.

5. నా ఇత్తడి కాఫీ ఫిల్టరు మాస్టారికి ఇద్దామనీ, ఈ వీలునామాకి సాక్షి కూడా ఆయనే కావాలనీ అనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాళ్లకి ఏమీ రాయకపోతే మంచిదన్నాడు మధుబాబు. ఫిల్టరా, సంతకమా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాను. చివరికి కబురంపి పిలిపించి, ఏది కావాలని ఆయన్నే అడిగాను. మాస్టారు కలం అందుకున్నారు. “సంతకం పెడతానమ్మా. ముందు ఓ కాఫీ ఇప్పించండి, పంచదార లేకుండా” అన్నారు.

నేనే కలిపాను. నా చెయ్యి పంచదార డబ్బా మీదికే వెళ్లింది. బర్నబాస్ డబ్బా లాగేసుకున్నాడు.

తెనాలి, 11 ఆగస్టు 2025

(సంతకం) శ్యామలాంబ

సాక్షులు:
1. కె. శాలేమురాజు, రిటైర్డ్ టీచర్, కొలకలూరు
2. వి. కనకదుర్గ, పక్క కొట్టు, తెనాలి