పాలు పొంగిన పొయ్యి

అమ్మా,

ఇవాళ మన పొయ్యి కడిగాం. నువ్వు పోయిన పూట దాని మీద పెట్టిన పాలు పొంగి, మాడి, ఎడమ బర్నర్ చుట్టూ నల్లగా అట్టకట్టాయి. నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చిన వాళ్లలో ఎవరో గ్యాస్ కట్టేశారు. మైల తీరి ఇల్లంతా కడిగినా నాన్న దాన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. "మీ అమ్మ పెట్టిన పాలు. ఉండనీ" అన్నాడు. ఇన్నాళ్లూ కుడివైపే వండుకున్నాం.

రేపు నీ మాసికం. సాయం చేద్దామని పక్కింటి సరళ దీదీ వచ్చి పొయ్యి చూసింది.

"బాబాయ్, ఇది సముందర్ గాలి. మాడు కింద రేకంతా జంగ్ పట్టేసింది, దేఖో! ఇలాగే వదిలేస్తే చిల్లు పడిపోద్ది" అంది.

కాసేపయ్యాక నాన్నే బర్నర్ ఊడదీసి చింతపండు నీళ్లలో నానబెట్టాడు. మాడుని కొబ్బరి పీచుతో నెమ్మదిగా తోమాడు. కన్నాలు పిన్నీసుతో పొడిచాడు. తడి తుడిచేసి, తుప్పు పట్టకుండా నువ్వు రాసినట్టే రేకుకి కొబ్బరినూనె రాశాడు. మంచినీళ్లకి తప్ప వంటింట్లోకి రాని మనిషి, ఇవన్నీ ఎప్పుడు చూశాడో!

పసుపూ బొట్టూ నేను పెట్టాను. వెలిగిస్తే మంట చుట్టూ నీలంగా వచ్చింది.

"ముందు పాలే పెట్టు" అన్నాడు నాన్న.

పెట్టాను. ఎప్పటిలా ముందుగదిలోకి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. గిన్నె వైపే చూస్తూ నిలబడి, పాలు పైకి లేస్తుండగా తన చేత్తోనే గ్యాస్ కట్టేశాడు.