నాలుగింటి బస్సుకి మీ అమ్మ వస్తోంది

ఎవెలియో,

మీ అమ్మ నాలుగింటికి మగాంగే ఊరి నుంచొచ్చే బస్సు దిగుతుంది. వెళ్లి తీసుకురా. ఆవిడకి చేపల పులుసు, కొబ్బరన్నం నువ్వే వండిపెట్టాలి. నేను మా అక్క ఒడాలిస్‌తో ఆసుపత్రికి వెళ్తున్నాను.

బరువు తగ్గడానికి పొట్ట కోయించుకుని నేటికి తొమ్మిది రోజులు. నిన్న సాయంత్రం జ్వరమొచ్చి, ఎడమ భుజం లాగేస్తుంటే, లోపల కుట్టు ఊడిందేమో భయంగా ఉందని నీకు చెప్పాను. "కోయించుకోమని నేనేమైనా బతిమాలానా? నాటకాలాపు" అన్నావు. పైగా నా ఎదురుగానే కూర్చుని వేయించిన పందిమాంసం కరకరా నమిలావు. పొద్దున ఫోన్ చేస్తే డాక్టరమ్మ నాటకమనలేదు. "ఉన్నపళంగా బయల్దేరు" అంది.

వెంటనే మీ అమ్మకి ఫోన్ చేసి, నువ్వన్నది పొల్లు పోకుండా అప్పజెప్పాను. ఆవిడ "నెల్లాళ్లుంటానే తల్లీ. వాడి సంగతి నేను చూస్తా" అంది. మన మంచం ఆవిడకిచ్చి నువ్వు వసారాలో ఊయలలో పడుకో. దోమలున్నాయని నాకు చెప్పకు.

యాదిరా

మళ్లీ కోయాల్సి వస్తే సంతకం పెట్టడానికి నీ పేరు కాదు, అక్క పేరు రాయిస్తున్నాను. అయినా ఫోన్ దగ్గరే పెట్టుకో.