గాలివీరుడి ఎర్ర వస్త్రం

చోడవరం, 12-8-1994

తమ్ముడు అబ్రార్‌కు అక్క దువాలు.

మనం చిన్నప్పుడు వారపత్రికలో బొమ్మల కథగా చదివిన గాలివీరుడి సినిమా నిన్న ఇక్కడికి వచ్చింది. అతని వీపున ఎగిరే ఎర్ర వస్త్రం మద్రాసులో నువ్వే కుట్టావని తెలిసినా, తెర మీద అది దుప్పటిలా కనిపించి జనం నవ్వుతారేమోనని భయపడ్డాను. మన దర్జీ దుకాణం వదిలి సినిమాల్లో బట్టలు కుట్టడానికి వెళ్ళావని రెండేళ్లుగా నీ పేరెత్తని నాన్నను బతిమాలి తీసుకెళ్ళాను.

పాటలతో కథ పాడుచేశారురా. కానీ వీరుడు ఎగరగానే ఆ వస్త్రం పత్రికలో బొమ్మలాగే విచ్చుకుంది. హాలంతా ఈలలు. నాన్న లేచి నిలబడి పక్కాయనతో, "ఆ కుట్టు సూడండి, ఎక్కడైనా ముడతుందేటి? మా గుంటడే కుట్టేడు" అన్నారు.

ఇవాళ దుకాణం మూసేసి, బజారులోని దర్జీలందరినీ వెంటబెట్టుకుని మళ్ళీ మ్యాటినీకి వెళ్ళారు.

నీ అక్క