జీపు తీసేయమన్న పది రోజులు

1996 జూన్ 3, సోమవారం

జీపు అద్దానికి పంచాయతీ వాళ్లు నోటీసు అంటించిపోయారు. నడవకుండా రోడ్డు పక్కనున్న బండ్లు పది రోజుల్లో తీసేయాలి. తీయకపోతే వాళ్లే సంతబయలుకు లాగించి వేలం వేస్తారు. మా ఆయన డ్రైవరు సీట్లోంచి కదలకుండా నా చేత చదివించుకున్నారు. "పడేసిన బండేంది? మనిషి కూసోనే ఉండాడు గదా ఇందులో!"

జూన్ 4

నిజం రాయాలంటే, నిన్న నాకు సంతోషమే వేసింది. రెండేళ్లుగా కింద మేకలు, బానెట్ మీద పక్కింటివాళ్ల వడియాలు... పీడా పోతుందనుకున్నాను. తెల్లారి మామూలే. కర్ర ఊతంగా పట్టుకుని పోయి జీపులో కూర్చున్నారు. కాఫీ అక్కడే, పేపరు అక్కడే. ఆత్మకూరు బస్సుకు పోయేవాళ్లు ఆగి పలకరిస్తారు. షుగరుకు ఎడమ కాలు తీసేసినప్పటి నుంచి ఈ మనిషి నవ్వేది ఆ సీట్లోనే. ఇంట్లో అయితే గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఆ జీపు పోకూడదు.

జూన్ 6

పంచాయతీ సెక్రటరీ దగ్గరికి పోయాను. "అర్జీ పెట్టు టీచరమ్మా, గడువిస్తాం. ఓనరు సంతకం ఉండాల." ఇంటికొచ్చి ఆర్సీ బుక్కు తీస్తే – మాకు జీపు అమ్మిన కలువాయి మస్తానయ్య పేరు! కొని ఏడేళ్లయింది. తెల్లకాగితం మీద రాసుకున్నాం, తాళాలు పుచ్చుకున్నాం, టెంకాయ కొట్టాం. అంతే. "ఈడ పేరు మార్పించుకున్నోడు ఎవురో చెప్పు?" అంటారు ఈయన. నిజమే. అందుకే ఒళ్లు మండుతోంది.

జూన్ 7

ఆ తెల్లకాగితమూ కనపడదు. బీరువా మూడుసార్లు దులిపాను. ఇక మస్తానయ్య సంతకమే దిక్కు.

జూన్ 9, ఆదివారం

ఆత్మకూరులో బస్సు మారి కలువాయి పోయాను. మస్తానయ్య మజ్జిగ ఇచ్చి మరీ కాదన్నాడు. "అమ్మేసిన బండికి నేనెట్ట సంతకం పెడతానమ్మా? రేపు కేసొస్తే నా మెడకే గదా." బుక్కులో ఇంకా నీ పేరే ఉంది పెద్దాయనా అన్నాను. అదిరిపడ్డాడు. "ఇంకా మార్పించుకోలా!"

సంతకం మాత్రం పెట్టలేదు. ఉత్త చేతులతో బస్సెక్కాను.

జూన్ 10

"పెట్టినాడా సంతకం?" అన్నారు ఈయన.

"తనే వచ్చి పెడతాడంట."

ఎందుకన్నానో.

జూన్ 11

జీపు పెట్టుకోను చోటు అడుగుతూ ఊరంతా తిరిగాను. మా సందులో సైకిలు తిప్పుకోవడమే కష్టం. ఎవరూ ఇవ్వలేదు.

జూన్ 12

అద్దాలు తుడుచుకుంటూ ఈల వేస్తున్నారు. నమ్మేశారు నన్ను.

జూన్ 13, గురువారం

పొద్దున్నే పంచాయతీ ట్రాక్టరు వచ్చింది. జీపు పక్కన నిలబడి చెప్పేశాను – మస్తానయ్య రాడు, నేను అబద్ధం చెప్పాను. సీట్లో ఉన్న ఈయన నా వైపు చూడలేదు. ముందు బంపరుకు తాడు కడుతున్నారు.

"దిగన్నా" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

"దిగితే స్టీరింగ్ ఎవురు పడతారు? కాలవలో పడతాది."

"కాలు లేకుండా ఎట్టన్నా?"

"లాక్కపోయే బండికి క్లచ్‌తో పనేందిరా? బ్రేకుకు కుడికాలుండాది."

తాడు బిగిసింది. జీపు కదిలింది. రెండేళ్ల తర్వాత. మలుపులో చెయ్యి బయటికి చాపి కుడివైపు అని చూపించారు. వెనక ఒక్క బండీ లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఏడ్చాను.

మధ్యాహ్నం మూడు. ట్రాక్టరు ఖాళీగా తిరిగొచ్చింది. "అన్న దిగనంటున్నాడు టీచరమ్మా. నువ్వే రావాల" అని డ్రైవరు చెప్పిపోయాడు.

క్యారియరులో అన్నం సర్దాను. ఇద్దరికీ. దింపి తీసుకురావడానికి పోతున్నానా, పక్క సీట్లో కూర్చోవడానికా... చెప్పులు వేసుకుని కూడా ఇది రాస్తూ నిలబడ్డాను.