రంగు మారకముందు రాగి

విశాఖపట్నం, 12-8-1998

నాన్నగారికి, ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకండి.

మొన్న ల్యాబ్‌లో అద్దంలా నునుపు చేసిన రాగిబిళ్ల మసకబారితే, అమ్మ చెంబులు తోమినట్టు ఉప్పూ చింతపండూ వేసి తోమేశాను. మూడు నెలల పని పోయింది. "ఇది వంటిల్లు కాదమ్మా, ఇంటికెళ్ళిపో" అన్నారు మా సారు. వెళ్ళలేదు. కొత్త బిళ్ల మొదలుపెట్టాను. గాలి తగిలాక, ఇంకా ఎర్రగా మెరుస్తుండగానే, రాగిపైన పరమాణువులు వరస మార్చుకుంటాయి. ఆ మొదటి మార్పే నేను చూడాలి.

రొయ్యల చెరువులో తుప్పుపట్టిన మోటారు మార్చారా? తోమిన చెంబు ఎన్నాళ్ళకు నల్లబడుతోందో అమ్మని చూసి రాయమనండి.

దసరాకి రమ్మనకండి, ఆ మార్పు చూశాకే వస్తాను. అమ్మకు నమస్కారాలు. వచ్చినప్పుడు చెంబులన్నీ నేనే తోముతానని చెప్పండి.

మీ మంజుష